సాక్షి చెప్పిన మొదటి మాట

1984 జూలై. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే పట్నం. జెన్నిఫర్ థాంప్సన్ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి అక్కడ కాలేజీలో చదువుకుంటూ ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. ఓ రాత్రి మూడు గంటల వేళ ఒకడు ఇంట్లో చొరబడి, మెడ మీద కత్తి పెట్టి ఆమెపై అత్యాచారం చేశాడు. అంత భయంలోనూ ఆ అమ్మాయి మనసులో ఒకటే అనుకుంది. ప్రాణాలతో బయటపడితే వీణ్ని పట్టించాలి, పట్టించాలంటే వీడి ముఖం గుర్తుండాలి. సందు దొరికినప్పుడల్లా ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది. మచ్చలున్నాయా, పచ్చబొట్టు ఉందా, నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవుతోంది, అన్నీ చూసుకుంది. చివరికి తాగడానికి ఏమైనా తెస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్లి, ఒంటికి దుప్పటి చుట్టుకుని వెనక తలుపులోంచి పక్కింటికి పరుగెత్తింది. అదే రాత్రి, దగ్గర్లోనే, ఇంకో స్త్రీ మీద కూడా దాడి జరిగింది.

పోలీసులకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు. చదువుకున్న మనిషి, ధైర్యం గలది, ముఖాన్ని పట్టుబట్టి గుర్తుపెట్టుకున్నది, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏ కోశానా లేనిది. ఆమె చెప్పిన గుర్తులతో పోలీసులు ముఖచిత్రం తయారు చేయించారు. దాన్ని చూసిన ఎవరో రోనాల్డ్ కాటన్ పేరు చెప్పారు. అతనికీ ఇరవై రెండేళ్లే. ఒక సీఫుడ్ రెస్టారెంట్‌లో పనిచేసేవాడు. పాత కేసులు కూడా ఉన్నాయి. పోలీసులు ఆరు ఫొటోలు ఆమె ముందు పరిచారు. ఆమె నాలుగైదు నిమిషాలు వాటిని చూసి, కాటన్ ఫొటో చూపించి, ఇతనే అనుకుంటానంది. కొన్ని రోజుల తర్వాత మనుషుల్నే వరసగా నిలబెట్టి చూపించారు. నాలుగో అతనా, ఐదో అతనా అని తటపటాయించి, ఐదో అతనే ఎక్కువ పోలి ఉన్నాడని చెప్పింది. ఐదో మనిషి కాటన్. ఫొటోల్లోనూ ఉండి, వరసలోనూ ఉన్నది అతనొక్కడే. బయటికి రాగానే పోలీసులు ఆమెతో, ఫొటోల్లో నువ్వు చూపించిందీ ఇతన్నే అన్నారు. ఆ మాటతో ఆమెకు గుండెల మీది బరువు దిగినట్టయింది.

1985 జనవరిలో కేసు విచారణకు వచ్చేసరికి, ‘అనుకుంటాను’ అన్న మాట మాయమైంది. తటపటాయింపు లేదు. బోనులో నిలబడి, ఇతనే అని కాటన్ వైపు వేలు చూపించింది. జ్యూరీ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? కాటన్‌కు యావజ్జీవంతో పాటు మరో యాభై ఏళ్ల శిక్ష పడింది.

రెండో బాధితురాలు మొదట్లో గుర్తుపట్టింది కాటన్‌ని కాదు, వరసలో ఉన్న మరో మనిషిని. ఆ సంగతి జ్యూరీ దాకా వెళ్లనివ్వలేదు. అది తప్పని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పి, మళ్లీ విచారించమంది. 1987లో రెండో విచారణ జరిగింది. అప్పటికి ఆ రెండో స్త్రీ కూడా తనపై దాడి చేసింది కాటనే అని చెప్పింది. మూడేళ్ల కిందట కనిపించని పోలిక ఇప్పుడెలా కనిపించింది? ఈలోగా కాటన్ ఉన్న జైలుకే బాబీ పూల్ అనే ఖైదీ వచ్చాడు. ఇద్దరూ ఒకే పోలికలో ఉంటారు. ఆ నేరాలు చేసింది తానేనని పూల్ గొప్పలు చెప్పుకున్నట్టు తోటి ఖైదీ ఒకరు కాటన్ చెవిన వేశాడు. పూల్‌ని కోర్టుకు రప్పించారు. జెన్నిఫర్ అతన్ని చూసింది. ఈ మనిషిని తానెన్నడూ చూడలేదంది. ఆమె అబద్ధం చెప్పలేదు. తన ఎదురుగా నిలబడింది తనను చెరిచినవాడే, అయినా ఆమెకు ఆ ముఖం కొత్తగానే తోచింది. కాటన్‌కు మళ్లీ యావజ్జీవమే పడింది, ఈసారి రెండు నేరాలకూ కలిపి.

1995లో డీఎన్‌ఏ పరీక్ష జరిగింది. జెన్నిఫర్ కేసులో దాచిన నమూనా పాడైపోయింది గానీ, రెండో స్త్రీ కేసులోది పరీక్షకు పనికొచ్చింది. అది పూల్‌ది. అతను రెండు నేరాలూ ఒప్పుకున్నాడు. పదేళ్లకు పైగా జైల్లో మగ్గిన కాటన్ ఆ ఏడాది జూన్ 30న బయటికొచ్చాడు. తర్వాత జెన్నిఫర్ అతన్ని కలిసి క్షమాపణ కోరింది, అతను క్షమించాడు, 2009లో ఇద్దరూ కలిసి పుస్తకం కూడా రాశారు. ఆమె తర్వాతి రోజుల్లో చెప్పిన మాట ఒకటి నన్ను చాలాకాలం వెంటాడింది. అసలు నేరస్థుడు పూల్ అని తెలిశాక కూడా, పీడకలల్లో ఆమెకు కనిపించిన ముఖం కాటన్‌దేనట.

అబద్ధం చెప్పే సాక్షిని పట్టుకోవడానికి న్యాయస్థానాల దగ్గర ప్రమాణం ఉంది, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది, తప్పుడు సాక్ష్యానికి శిక్ష ఉంది. తాను చెప్పేది నిజమని మనసా వాచా నమ్మి పొరపాటు చెప్పే సాక్షి ముందు ఈ ఆయుధాలేవీ పనిచేయవు. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఆ సాక్షి తొణకడు. అబద్ధమాడితే కదా తొణకడానికి!

మనసు చూసినదాన్ని చూసినట్టు దాచిపెట్టదని శాస్త్రజ్ఞులు చెప్పడం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. హార్వర్డ్‌లో పనిచేసిన హ్యూగో మన్‌స్టర్‌బర్గ్ 1908లోనే సాక్షుల జ్ఞాపకశక్తి మీద పుస్తకం రాసి, న్యాయవాదుల చేత చీవాట్లు తిన్నాడు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్ల తర్వాత, మరికొన్నాళ్ల తర్వాత అదే కథను తిరిగి చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ కథ కురచైంది. తమకు అర్థం కానివి జారిపోయాయి, కానో పడవలు మామూలు పడవలైపోయాయి. 1932లో అచ్చయిన ఆయన పుస్తకం తేల్చింది ఇది. గుర్తు చేసుకున్నప్పుడల్లా మనం జ్ఞాపకాన్ని మళ్లీ కట్టుకుంటాం. కట్టేటప్పుడు పాత ఇటుకలతో పాటు అందుబాటులో ఉన్న కొత్త ఇటుకలూ చేరిపోతాయి. ఏది పాతదో ఏది కొత్తదో తర్వాత మనకే తెలియదు.

ఆ కొత్తవి ఎక్కణ్నుంచి వస్తాయి? ఒక్కోసారి అడిగిన ప్రశ్నలోంచే వస్తాయి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్ములు చూపించి, కార్ల వేగం ఎంతో అంచనా చెప్పమన్నారు. ప్రశ్నలో ఒక్క మాట మాత్రం మార్చారు. కార్లు ఒకదానికొకటి తాకినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయని అడిగినవాళ్ల దగ్గర వచ్చిన సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు. బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు అని అడిగితే 40 మైళ్లకు పైనే. ఇదే వరసలో ఇంకో ప్రయోగం చేసి, వారం తర్వాత వాళ్లనే పిలిచి, అద్దం పెంకులేమైనా చూశారా అని అడిగారు. ఫిల్ములో అద్దం పగలనే లేదు. అయినా గట్టి మాటతో ప్రశ్న విన్న యాభై మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాటతో విన్న యాభై మందిలో అలా అన్నది ఏడుగురే. పోలీస్ స్టేషన్‌లో రైటరు గారు సాక్షిని అడిగే ప్రశ్నల తీరు ఒకసారి తలచుకోండి. వాడు కత్తి ఏ చేత్తో పట్టుకున్నాడు అని అడిగితే, కత్తి చూడని సాక్షి మనసులోకి కూడా కత్తి వచ్చి కూర్చుంటుంది.

ఒక్కోసారి ముఖం గుర్తుంటుంది, దాన్ని ఎక్కడ చూశామో గుర్తుండదు. ఆస్ట్రేలియాలో డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. సాక్షుల జ్ఞాపకశక్తే ఆయన పరిశోధన. ఒక స్త్రీ తన మీద అత్యాచారం చేసింది ఇతనే అని ఆయన్ని గుర్తుపట్టింది. నేరం జరిగిన వేళకు ఆయన టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో ఉన్నాడు. పక్కన ఒక పెద్ద పోలీసు అధికారి కూడా ఉన్నాడు. దుండగుడు లోపలికి వచ్చేటప్పటికి ఆమె చూస్తున్నది ఆ టీవీ కార్యక్రమమే. తెర మీది ముఖం వెళ్లి దుండగుడి ముఖానికి అతుక్కుంది. ఆయనకు టీవీ సాక్ష్యం ఉంది కాబట్టి బతికిపోయాడు. ఆ వేళకు ఇంట్లో ఒంటరిగా నిద్రపోతున్న మనిషికి ఏ సాక్ష్యం ఉంటుంది?

ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉంటే చూపు ముఖం మీదకన్నా దాని మీదే నిలుస్తుంది. వేరే జాతి మనుషుల ముఖాలను మన జాతివాళ్ల ముఖాలంత బాగా గుర్తుపట్టలేం. జెన్నిఫర్ తెల్ల అమ్మాయి, కాటన్ నల్లజాతివాడు. చీకటి, దూరం, భయం సంగతి సరేసరి. వీటి గురించి కోర్టులకు కొద్దో గొప్పో తెలుసు. ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఉందా అని మన కింది కోర్టుల్లో కూడా అడుగుతారు. వీటిని ఎవరూ మార్చలేరు, జరిగింది జరిగిపోయింది. మార్చగలిగినవి నేరం తర్వాత జరిగేవి. అయోవాలో పనిచేసిన గ్యారీ వెల్స్ 1978 నుంచి నొక్కి చెబుతూ వచ్చింది ఈ తేడానే.

వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికీ అదే కీలకం. మసక మసకగా ఉన్న వీడియోలో ఒక మనిషి దుకాణంలోకి వెళ్లడం చూపించారు. తర్వాత కొన్ని ఫొటోలిచ్చి వాడెవడో చెప్పమన్నారు. ఆ ఫొటోల్లో అసలు మనిషి లేడు. అయినా అందరూ ఎవరో ఒకరిని చూపించారు, అంటే అందరూ తప్పే. కొందరితో, బాగుంది, అనుమానితుణ్ని సరిగ్గా గుర్తుపట్టావు అన్నారు. కొందరితో ఏమీ అనలేదు. తర్వాత అందరినీ ఒకటే అడిగారు. గుర్తుపట్టే వేళకు నీకెంత ధీమాగా ఉంది? మెచ్చుకోలు విన్నవాళ్లు, మొదటి నుంచీ గట్టి నమ్మకంతోనే ఉన్నామన్నారు. అంతటితో ఆగలేదు. ముఖం స్పష్టంగా కనిపించిందన్నారు, శ్రద్ధగా చూశామన్నారు, కోర్టుకు వచ్చి చెప్పమంటే చెబుతామన్నారు. అందరూ చూసింది ఆ మసక వీడియోనే. ఒక్క మంచి మాట, జరిగిపోయిన చూపును కూడా బాగుచేసింది.

జెన్నిఫర్‌కు జరిగింది ఇదే. పోలీసులు ఆమెను మోసం చేయాలని ఆ మాట అనలేదు. కుమిలిపోతున్న ఆడపిల్లకు ఊరట కలగాలని అన్నారు. ఆ ఊరటే ఆమె సందేహాన్ని తుడిచేసింది. నేరం జరిగిన చోట రక్తపు మరక ఉంటే చుట్టూ తాడు కడతారు, ఎవరినీ తొక్కనివ్వరు. సాక్షి మనసు కూడా అలాంటి స్థలమే. దాని చుట్టూ తాడు కట్టేవాడు లేడు. దర్యాప్తు అధికారి, బంధువులు, పత్రికలు, లాయరు, అందరూ దాన్ని తొక్కుకుంటూ తిరుగుతారు.

అమెరికాలో బ్రాండన్ గారెట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, డీఎన్‌ఏ పరీక్షల వల్ల నిర్దోషులుగా తేలిన మొదటి 250 మంది కేసులు తిరగేసి 2011లో పుస్తకంగా తెచ్చాడు. వాళ్లలో 190 మందిని సాక్షులు పొరబడి గుర్తుపట్టారు. అందులో 161 విచారణల రికార్డులు ఆయనకు దొరికాయి. కోర్టులో ఆ సాక్షులు ఇంచుమించు అందరూ నూటికి నూరుపాళ్లు నమ్మకంతో మాట్లాడారు. కాని వెనక్కి వెళ్లి చూస్తే, నూటికి 57 కేసుల్లో సాక్షి మొదట గుర్తుపట్టినప్పుడు సందేహిస్తూనే చెప్పాడని ఆ రికార్డుల్లోనే ఉంది. అంటే ప్రమాద సూచన మొదటి రోజే వచ్చింది. దాన్ని వినవలసిన వాళ్లు వినలేదు. గుర్తింపు పద్ధతిగా జరిపితే, సాక్షి మొట్టమొదట చూపిన ధీమా నిజానికి బాగా దగ్గరగా ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనలు కూడా చెప్పాయి. నాలుగేళ్లకు బోనులో కనిపించే ధీమాకు ఆ విలువ లేదు.

మరి తీర్పు చెప్పేవాళ్లు ఏ ధీమాను చూస్తారు? వాళ్ల కళ్ల ముందు కనిపించేదాన్నే. లాఫ్టస్ 1974లోనే ఇంకో ప్రయోగం చేసింది. కిరాణా దుకాణంలో దోపిడీ, దుకాణదారుణ్నీ అతని మనవరాలినీ చంపేశారు, ఒక మనిషి మీద పరిస్థితుల సాక్ష్యం ఉంది. ఈ కేసు వివరాలు యాభై మందికి ఇస్తే నూటికి 18 మందే దోషి అన్నారు. ఇంకో యాభై మందికి, కాల్చడం చూశానన్న ఒక సాక్షిని కలిపి ఇచ్చారు. దోషి అన్నవాళ్లు 72 శాతానికి పెరిగారు. మూడో గుంపుకు సాక్షితో పాటు ఇంకో సంగతీ చెప్పారు. ఆ సాక్షి చూపు బాగా మందం, ఆ రోజు కళ్లజోడు పెట్టుకోలేదు, నిలబడిన చోటి నుంచి ముఖం కనిపించే వీలే లేదు. అయినా 68 శాతం దోషే అన్నారు! తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో కొన్నిట ఈ ఫలితం ఇంత గట్టిగా రాలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ అనే 1957 నాటి సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. బాసు చటర్జీ దాన్ని హిందీలో ‘ఏక్ రుకా హువా ఫైస్లా’గా తీశాడు. అందులో సాక్షి ముక్కు మీది కళ్లజోడు నొక్కుల సంగతి బయటపడగానే జ్యూరీ మనసు మారుతుంది. ఎంతో గొప్ప సినిమా. బయట మాత్రం కళ్లజోడు సంగతి అంత తేలిగ్గా మనసులు మార్చదు.

ఆ సినిమాలోలా ఒక్క మనిషి పదకొండు మందిని ఒప్పించడం కూడా అరుదే. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కాల్వెన్, జైసెల్ మూడున్నర వేలకు పైగా జ్యూరీ విచారణల వివరాలు సేకరించి 1966లో పుస్తకం తెచ్చారు. మొదటి ఓటింగులో ఎటు మొగ్గు ఉంటే, పదింట తొమ్మిది కేసుల్లో చివరి తీర్పు కూడా అటే. జడ్జి అయితే ఏం తీర్పు చెప్పేవాడో కూడా వాళ్లు కనుక్కున్నారు. నూటికి 78 కేసుల్లో జడ్జిదీ జ్యూరీదీ ఒకే మాట. జ్యూరీ అంటే లోకం తెలియని పన్నెండు మంది అని తీసిపారేసేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. నాన్సీ పెన్నింగ్టన్, రీడ్ హేస్టీ మరో సంగతి చూపించారు. జ్యూరీ సభ్యులు సాక్ష్యాలను విడివిడిగా తూకం వేయరు, వాటన్నిటినీ ఒక కథగా అల్లుకుంటారు. అవే సాక్ష్యాలు. ప్రాసిక్యూషన్ వాటిని కథలా వరసగా చెప్పి, డిఫెన్సు ముక్కలు ముక్కలుగా చెబితే 78 శాతం మంది దోషి అన్నారు. అటూ ఇటూ తారుమారు చేస్తే 31 శాతమే. పూసగుచ్చినట్టు చెప్పే సాక్షిని నమ్మడం మన తెలివితక్కువతనం కాదు, మనసుకు ఉన్న స్వభావం అది.

మనకు ఇప్పుడు జ్యూరీ లేదు. 1959లో నానావతి కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిది మంది ఒక వైపు, ఒక్కరు ఒక వైపుగా నిర్దోషి అని తేల్చడం, దాన్ని సెషన్స్ జడ్జి ఒప్పుకోకుండా హైకోర్టుకు పంపడం, అక్కడా ఆ తర్వాత సుప్రీంకోర్టులోనూ శిక్ష ఖాయం కావడం పెద్దలకు తెలిసిన కథే. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని అంటారు గానీ, 1958లోనే లా కమిషన్ దాన్ని తీసేయమని చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా కనుమరుగైంది. ఇప్పుడు వినేదీ తేల్చేదీ జడ్జి గారొక్కరే. జడ్జీల మనసు మరో మట్టితో చేసింది కాదు.

మన న్యాయస్థానాలు ఈ విషయంలో గుడ్డిగా ఉన్నాయని మాత్రం నేను అనను. ఫలానా ఇంతమంది సాక్షులు ఉండాలన్న నియమం మన చట్టంలో లేదు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు, సాక్షుల తలలు లెక్కపెట్టవద్దు, సాక్ష్యం బరువు చూడమంది. 1983లో భార్వాడా భోగిన్‌భాయ్ కేసులో, సాక్షి మనసు వీడియో టేపు కాదని, తిరగేసి చూపించడం దాని వల్ల కాదని అదే కోర్టు చెప్పింది. చిన్న చిన్న తేడాలు పట్టుకుని సాక్ష్యాన్ని కొట్టిపారేయకూడదని అందులో సారాంశం. ఇది ఎంత అవసరమైన మాటో మన నేల మీదే తెలుసు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద జరిగిన మారణకాండ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఎవరు, ఎక్కడ, ఏ వేళకు అన్న దగ్గర సాక్ష్యాలు నిలవలేదన్న తీర్పు మీద ఎంతో చర్చ జరిగింది. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఎదురుపడిన మనిషిని గుర్తుపట్టడం వేరు, చీకట్లో ఒక్కసారి చూసిన కొత్త ముఖాన్ని గుర్తుపట్టడం వేరు. కొత్త ముఖాల మీద చేసిన పరిశోధనను తెచ్చి, తనను కొట్టిన ఆసామిని పేరు పెట్టి చెప్పే బాధితుడి మీద ప్రయోగించడం అన్యాయం. ప్రాణభయంతో పరుగెత్తే మనిషి గడియారం చూసుకోడు.

కొత్త ముఖాల దగ్గరే మన చిక్కంతా. అందుకే గుర్తింపు పరేడ్ ఉంది. పోలీసుల ప్రెస్ మీట్‌లలో ముసుగులు వేసి నిలబెట్టిన నిందితులను మీరు టీవీలో చూస్తూనే ఉంటారు. అలా కప్పడానికి ఒక ముఖ్య కారణం ఈ పరేడే. సాక్షి ముందుగా ఆ ముఖం చూసేస్తే పరేడ్‌కు విలువ పోతుంది. పరేడ్ సాధారణంగా జైల్లో జరుగుతుంది, మేజిస్ట్రేటు జరుపుతారు, పోలీసులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. అదే వయసు, అదే ఎత్తు, అలాంటి పోలికలే ఉన్న ఇతరులను తెచ్చి అనుమానితుడితో కలిపి నిలబెడతారు. ముఖం మీద గాటు ఉంటే అందరికీ అదే చోట కాగితం ముక్క అతికిస్తారు. ఎక్కడ నిలబడాలో అనుమానితుడే ఎంచుకోవచ్చు. ఒక సాక్షి వెళ్లాక, ఇంకొకరు రాకముందు చోటు మారవచ్చు, చొక్కా కూడా మార్చుకోవచ్చు. శ్రద్ధగా జరిపితే చాలా మంచి ఏర్పాటు ఇది.

దీనికి చట్టం ఇచ్చిన స్థానం దగ్గరే నాకు బాధ కలుగుతుంది. కోర్టు హాల్లో, విచారణ రోజున సాక్షి వేలు చూపించడమే అసలు సాక్ష్యం. పరేడ్‌లో గుర్తుపట్టడం దానికి ఊతం మాత్రమే. 2003లో మల్ఖాన్ సింగ్ కేసులో కూడా సుప్రీంకోర్టు ఈ సంగతే మళ్లీ చెప్పింది. కోర్టులో ఏమవుతుంది? ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ముద్దాయి ఎక్కడ నిలబడతాడో అందరికీ తెలుసు. అతని పక్కన పోలికల మనుషులెవరూ ఉండరు. ఈలోగా పత్రికల్లో, వాట్సాప్‌లో అతని ఫొటో వచ్చి ఉంటుంది. మనస్తత్వ శాస్త్రం మొదటి గుర్తింపుకు పెద్ద విలువ ఇచ్చి, చివరిదానికి చాలా తక్కువ ఇస్తుంది. మన చట్టం ఈ రెండిటినీ తలకిందులుగా నిలబెట్టింది. ఇది మారాలి. కనీసం మొదటి గుర్తింపులో సాక్షి ఏమన్నాడో, ఎంతసేపు తీసుకున్నాడో, ఎక్కడ ఆగాడో సాక్షి మాటల్లోనే రికార్డుకెక్కాలి. గుర్తుపట్టాడు, గుర్తుపట్టలేదు అన్న రెండు ముక్కల్లో సరిపెట్టకూడదు.

సాక్షులు ఎంతమంది ఉంటే అంత నిజమని కూడా అనుకోలేం. 1896లో లండన్‌లో అడాల్ఫ్ బెక్ అనే ఆయన్ని, తమ నగలు కాజేసిన మోసగాడు ఇతనే అని పదిమంది దాకా స్త్రీలు గుర్తుపట్టారు. ఏడేళ్ల శిక్ష పడింది. విడుదలయ్యాక 1904లో మళ్లీ అవే ఫిర్యాదులు, మళ్లీ దోషి అన్నారు. శిక్ష ఖరారు కాకముందే అసలు దొంగ దొరికాడు. ఆ దుమారంలోంచే 1907లో ఇంగ్లండుకు క్రిమినల్ అప్పీళ్ల కోర్టు వచ్చింది. అక్కడ 1976లో టర్న్‌బుల్ కేసు తర్వాత, నమ్మకంగా మాట్లాడే సాక్షి కూడా పొరబడవచ్చునని, చాలామంది సాక్షులు కలిసి కూడా పొరబడవచ్చునని జ్యూరీని హెచ్చరించడం జడ్జి విధి. అమెరికాలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2011లో హెండర్సన్ కేసులో, జ్ఞాపకం గురించి జ్యూరీకి వివరంగా బోధించమంది. 2017లో అమెరికా న్యాయశాఖ, అనుమానితుడెవరో తెలియని అధికారే ఫొటోలు చూపాలని, సాక్షి ధీమాను అక్కడికక్కడే సాక్షి మాటల్లో నమోదు చేయాలని తన సంస్థలకు చెప్పింది. దీనికి ఖర్చేమీ లేదు. మన దగ్గర వాంగ్మూలాన్ని ఆడియోలో, వీడియోలో రికార్డు చేసే వీలు పాత చట్టంలోనే ఉండేది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. ఉన్నదాన్ని వాడుకోవాలి. సాక్షి సంతకం లేకుండా, పోలీసు భాషలో, ప్రశ్నలు కనపడకుండా జవాబులు మాత్రమే రాసిన కాగితం, సాక్షికి మొదటి రోజు ఏం గుర్తుందో చెప్పలేదు.

ఈ మాటలు వింటున్న మీలో ఎవరికైనా ఎప్పుడైనా సాక్షిగా నిలబడవలసి రావచ్చు. మీ కళ్ల ముందు నేరమో ప్రమాదమో జరిగితే, పక్కవాళ్లతో మాట్లాడకముందే, ఫోన్‌కు వచ్చే వీడియోలు చూడకముందే, మీరు చూసింది ఒక కాగితం మీద రాసి తేదీ, వేళ వేయండి. విన్నదాన్ని అందులో కలపకండి. పోలీసులు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. గుర్తింపు పరేడ్‌కు పిలిస్తే, ఆ వరసలో అసలు మనిషి లేకపోవచ్చు కూడా అని మనసులో పెట్టుకుని వెళ్లండి. నిశ్చయంగా ఇతనే అనిపిస్తే అలాగే చెప్పండి. సగం నమ్మకమే ఉంటే సగమేనని చెప్పి, ఆ మాట కూడా రాసుకోమని మేజిస్ట్రేటు గారిని అడగండి. వాళ్లలో ఎవరూ కాదనిపిస్తే, ఎవరూ కాదని చెప్పి వచ్చేయండి.